మొదటి కుందేలు

"పాతది ఎక్కడికి పట్టుకెళ్ళారు?"

కోడలు ఊరి నుంచి దిగి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. బ్యాగు గుమ్మంలోనే ఉంది. వంటింట్లో పాత ఫ్రిజ్ ఉండాల్సిన చోట కొత్త ఫ్రిజ్ ఒకటి తళతళలాడుతూ నిలబడి ఉంది.

కొడుకు దాని పక్కన నిలబడి నీళ్ళు నమిలాడు. భార్య మొహం వెలిగిపోతుందనుకున్నాడు పాపం.

"షాపు వాళ్ళే దింపుకుపోయారు. నువ్వు వచ్చేసరికి పెట్టించేద్దామని..."

"ఫ్రీజరు ఖాళీ చేశారా?"

"చేశానుగా. బఠానీలు, బ్రెడ్డు, ఐస్‌క్రీము, అన్నీ ఇందులో సర్దాను. చూసుకో."

"వెనక గోడకి పేరుకుపోయిన ఐసు?"

"ఆ ఐసు కూడా తెచ్చి ఇందులో అంటించమంటావా? ఇది ఐసు పేరుకోని ఫ్రిజ్. అందుకేగా కొన్నాను."

ఇంకో రోజైతే ఆ మాటకి కోడలే ముందు నవ్వేది. ఇవాళ స్టూలు లాక్కుని దాని మీద కూలబడింది.

"ఆ ఐసులోనే ఉందండీ."

"ఏముంది?"

"మొదటి కుందేలు."

కళ్ళద్దాల షాపు నడుపుకునే మనిషికి తన ఇంట్లో కుందేలు ఎప్పుడు చేరిందో, దాన్ని ఫ్రీజరులో ఎవరు పెట్టారో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అతని చూపు కిటికీ వైపు పోయింది. అక్కడ అత్తగారు కుర్చీలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

ఆ కుందేలు పోయి చాలా ఏళ్ళయింది. దాని రక్తం నుంచి తీసిన సీరం మాత్రం నాలుగు చుక్కలు మిగిలింది.

అత్తగారు రిటైరయ్యేదాకా ఒక ల్యాబుకి పెద్ద. మనిషి కణం తన డీఎన్ఏకి నకలు తీసుకునేటప్పుడూ, అది తెగిన చోట అతుకు వేసుకునేటప్పుడూ వచ్చి పనిచేసే ప్రోటీన్ ఒకటుంది. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరుంది గానీ ఈ ఇంట్లోనూ ల్యాబులోనూ దాన్ని 'దర్జీ' అంటారు. ఆ పేరు పెట్టింది కొడుకే. ఆ దర్జీని అత్తగారు ఒక కుందేలుకి సూదితో ఎక్కించింది. కుందేలు ఒంట్లో దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు పుట్టాయి. కణంలో వేల ప్రోటీన్లు గుంపుగా ఉన్నా ఆ యాంటీబాడీ వెళ్ళి దర్జీ చెయ్యి పట్టుకోవాలి. కణాల సారాన్ని ఎక్కించిన కాగితంలాంటి పొర మీద, పట్టుకున్న చోట ఒక నల్లగీత పడుతుంది. అత్తగారి పేరంతా ఆ గీత మీదే నిలబడింది. ఆమె శిష్యుడు, ఇప్పుడు ఆ ల్యాబుకి పెద్దసారు, ఆయన పేరూ దాని మీదే. ఆయన కింద పనిచేస్తున్న కోడలి నాలుగేళ్ళ చాకిరీ కూడా దాని మీదే.

తీరా కోడలు, అసలు దర్జీయే లేకుండా చేసిన కణాలు తెప్పించి పరీక్షిస్తే అందులోనూ అదే గీత పడింది. అదే ఎత్తులో, అంతే నల్లగా. దర్జీ లేని ఇంట్లో ఈ యాంటీబాడీ ఇన్నాళ్ళూ ఎవరి చెయ్యి పట్టుకున్నట్టు?

పోయిన వారం ఆ గొడవలోనే అత్తగారు నోరు జారింది. "మీరు వాడుతున్నది రెండో కుందేలుది. మొదటిది నికార్సైనది. అదింకా నా ఫ్రీజరులో ఉంది!" అనేసింది. కుందేళ్ళు రెండున్నాయని కోడలికి తెలియడం అదే మొదలు. ఊరెళ్ళి రాగానే ఆ మొదటి సీరాన్ని పరీక్షిద్దామనుకుంది. అది నిజంగా దర్జీనే పట్టుకుంటే ఈ పనికి పునాది అయినా మిగులుతుంది. పట్టుకోకపోతే మొదటి నుంచీ అంతా గాలిలో మేడే.

ఆ మాట తేల్చాల్సిన నాలుగు చుక్కలూ ఇప్పుడు ఎవరి ట్రక్కులోనో ఊరేగుతున్నాయి.

"అత్తయ్యా, మీరు ఇంట్లోనే ఉన్నారుగా?" అంది కోడలు.

"ఉన్నాను."

"వాళ్ళు తీసుకుపోతుంటే ఒక్క మాట చెప్పలేకపోయారా?"

అత్తగారు ఇంకో బీన్స్ అందుకుంది. ఈనె తీసింది.

"కారు తాళాలు తీయండి," అంది కోడలు భర్తతో.

"టీ అయినా తాగి..."

"తీయండి."

*

షాపు వాళ్ళు పాత సామాన్లు పడేసే షెడ్డు ఊరి చివర ఉంది. పైన రేకులు, కింద సిమెంటు నేల, లోపల అడుగు పెడితే పెనం మీద నిలబడ్డట్టుంది. కాపలా మనిషి కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు.

"ఏ ఫ్రిజ్ సార్? ఇక్కడన్నీ ఫ్రిజ్‌లే."

ఆ మాట అబద్ధం కాదు. వరసగా నిలబెట్టినవి కొన్ని, వెల్లకిలా పడుకోబెట్టినవి కొన్ని, తలుపులు ఊడినవి కొన్ని. భార్యాభర్తలిద్దరూ చెరో వరసలో పడ్డారు. ఆమె ఒక్కో తలుపూ తీసి ధన్‌మని వేస్తోంది. ఆ చప్పుడంతా తనని ఉద్దేశించిందేనని అతనికి తెలుసు.

"నాకు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది చెప్పు?" అన్నాడు అవతలి వరస నుంచి.

"ఫ్రిజ్ మార్చేటప్పుడు నాకూ చెప్పాలని మీకు తట్టలేదుగా?"

"ఆశ్చర్యపరుద్దామనుకున్నాను."

"పరిచారు. చాలా బాగా పరిచారు."

అతను ఇంకో తలుపు తీశాడు. కాసేపటికి "ఇదిగో" అని పిలిచాడు.

తలుపు మీద ఏనుగు బొమ్మ. చిన్నప్పుడు అతనే అంటించాడు. తొండం సగం చిరిగిపోయింది గానీ ఏనుగు అదే. కోడలు గబగబా వచ్చి తలుపు లాగింది. ఫ్రీజరు గోడ నున్నగా, తడిగా ఉంది. అంత మందాన పేరుకున్న ఐసు అంతా కరిగి కింది ట్రేలోకి దిగింది. ఆ గోరువెచ్చటి నీళ్ళలో బఠానీ గింజ ఒకటి, దాని పక్కన వేలెడంత ప్లాస్టిక్ ట్యూబు తేలుతున్నాయి.

ట్యూబు మీద అత్తగారి దస్తూరీ. 'కుందేలు 1'.

కోడలు దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. లోపలిది గడ్డగా లేదు, తేటగానూ లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారింది.

"దొరికిందిగా! ఇంకా ఏంటి?" అన్నాడతను ఆశగా.

"దొరకడం వేరు, బతికి ఉండడం వేరు."

ఆమె దాన్ని ఐసు ముక్కలు పోసిన ఫ్లాస్కులో పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కారు కదిలిందో లేదో ఫోన్ మోగింది. పెద్దసారు.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నానమ్మా. రేపు మన పరిశోధన వేసే పత్రిక వాళ్ళకి జవాబు పంపాలి కదా. నాకొకటి తోచింది. మేడమ్ మొదటి పేపరులో గీత ఉంది చూడు, చక్కటి గీత. యాంటీబాడీకి అదే రుజువని పంపేద్దాం."

"సార్, వాళ్ళు అడిగింది దర్జీ లేని కణాల్లో పరీక్ష. అప్పట్లో ఆ కణాలే లేవు."

"లేవు కాబట్టే ఆవిడ చేయలేదని రాద్దాం. ఆవిడ గీతని ఎవరు కాదంటారు?"

"నేను చేశాను కదా సార్. రెండింట్లోనూ గీత పడింది. మీకు చూపించాను కూడా."

అటువైపు చిన్న నిట్టూర్పు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి మనసూ నొప్పించలేడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"ఒక్కసారి చేసినదాన్ని పట్టుకుని ఊరంతా టముకు వేయడం ఎందుకమ్మా. వచ్చే నెల నీ ఉద్యోగం పొడిగింపు కూడా ఉంది. ఇప్పుడీ పంచాయితీ పెట్టుకుంటే నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోను? ఆలోచించు."

కోడలు ఫోన్ పెట్టేసింది.

"ఒక మాట అడగనా?" అన్నాడు భర్త. "ఆ ఫ్రిజ్ మారుద్దామని నేను ఎన్నిసార్లు అన్నానో నీకు తెలుసు. ఎప్పుడు అన్నా అమ్మ ఇంతెత్తున లేచేది. తలుపు సరిగ్గా పడకపోయినా, పాలు విరిగిపోయినా వదిలేది కాదు."

"తెలుసు. అయితే?"

"మొన్న ఫ్రిజ్ షాపులోంచి ఫోన్ చేసి అడిగాను. 'నీ ఇష్టంరా' అంది."

కోడలు అతని వైపు తిరిగింది.

"ఏమందీ?"

"నీ ఇష్టంరా అంది. నాకూ వింతగానే అనిపించింది. కానీ ఒప్పుకుంది చాలనుకున్నాను."

ఫ్లాస్కు మీద కోడలి చేతులు బిగిశాయి. తప్పు మొగుడిది అనుకుంటే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇది ఇంకోరకంగా ఉంది.

*

"చూస్తూనే ఉన్నాను," అంది అత్తగారు.

ఎవరూ కేకలు వేయకముందే, అడగకముందే అనేసింది. బీన్స్ గిన్నె పక్కన పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"వాళ్ళు దాన్ని తాళ్ళతో కట్టి మెట్లు దించుతుంటే నేను ఈ కిటికీలోంచే చూశాను. లోపల ఏముందో నాకు గుర్తుంది. మతిమరుపు అని మీరు సర్దిచెప్పుకోనక్కరలేదు."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వుండరా. అమ్మాయ్, దొరికిందా?"

"దొరికింది." కోడలు ఫ్లాస్కు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. "ఎందుకు చేశారు అత్తయ్యా? నన్ను రెండేళ్ళ పిల్లని మభ్యపెట్టినట్టు, 'ఊరెళ్ళి రా, వచ్చాక చూద్దాం' అని పంపి..."

"చూసి ఏం చేస్తావు?"

"నిజం తెలుసుకుంటాను!"

"ఏ నిజం? అది మంచిదని తేలిందనుకో. అప్పుడు రెండోదాన్ని సరిగ్గా పరీక్షించకుండా అందరికీ పంచిపెట్టింది నేనేనని తేలుతుంది. చెడ్డదని తేలిందనుకో. అప్పుడు మొదటి రోజు నుంచీ నేను చూసింది దర్జీనే కాదని తేలుతుంది. ఏది తేలినా పోయేది నేనే. ఏదీ తేలకపోతే..." అత్తగారు ఆగింది. "ఏదీ తేలకపోతే నేను పోయేదాకా అలాగే నడుస్తుందిలే అనుకున్నాను."

"మరి నా సంగతి?"

అత్తగారు బీన్స్ గిన్నెని ఇంకాస్త పక్కకి జరిపింది.

"నాలుగేళ్ళు, అత్తయ్యా. పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చాను. పెళ్ళిళ్ళకి రాలేదు, పేరంటాలకి రాలేదు, మీ అబ్బాయికి జ్వరం వస్తే మీరే చూసుకున్నారు. ప్రతిరోజూ ఆ గీత కొలిచాను. ఇవాళ దర్జీ ఇంతుంది, నిన్న ఇంతుంది అని మురిసిపోయాను. అది దర్జీయో, దారినపోయే దానయ్యో మీకే తెలియదన్నమాట!"

"తెలుసుననుకున్నాను." అత్తగారి గొంతు మొదటిసారి తగ్గింది. "మొదటి సీరం అయిపోవస్తుంటే రెండో కుందేలుని పెట్టాం. రెండింటి గీతలూ పక్కపక్కన పెట్టి చూశాను. జుట్టంత తేడా లేదు. ఎత్తు ఒకటే కదా, మనిషీ ఒకటే అనుకున్నాను. అదే పేరు పెట్టి, అదే లేబుల్ వేసి పంచాను. అందరూ ఇది ముందు పంపినదేనా అని అడుగుతుంటే విసుగొచ్చి..."

"విసుగొచ్చి?"

"ఒక్కటే అని చెప్పాను."

కొడుకు తల్లి మొహమూ భార్య మొహమూ మార్చి మార్చి చూశాడు. రోజంతా జనాన్ని కూర్చోబెట్టి "ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా" అని అడిగే మనిషికి, తన ఇంట్లో మాత్రం ఒక్క అక్షరమూ కనపడటం లేదు.

కోడలు లేచి ఫ్లాస్కు అందుకుంది.

"నేను ల్యాబుకి వెళ్తున్నాను. పొరలు సిద్ధంగా ఉన్నాయి. ఉన్నది నాలుగు చుక్కలే, ఒక్కసారికే వస్తుంది. ఇప్పుడే చేసేస్తాను."

"దేంట్లో పోస్తావు?" అంది అత్తగారు.

"డబ్బాలో."

"డబ్బాలోనా! నాలుగు చుక్కలు డబ్బా అడుక్కే చాలవు. పొరని సంచీలో పెట్టి, గాలి బుడగ లేకుండా అంచులు కాల్చి మూయాలి. నీకు అది వచ్చా?"

"వీడియోలో చూశాను."

"వీడియోలో చూసిందట!" అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "సగం నేల మీద వలకబోసి, ఆ పైన కుందేలుని తిడతావు. ఉండు, కళ్ళజోడు తెచ్చుకోనీ."

పరీక్ష జరగకూడదని ఫ్రిజ్‌నే సాగనంపిన మనిషి, ఆ పరీక్ష ఇంకొకరు చెడగొడతారంటే మాత్రం ఓర్చుకోలేకపోయింది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

*

ల్యాబు ఖాళీగా ఉంది. యంత్రాల గుర్రుమనే చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. కొడుకుని బయట వరండాలోనే కూర్చోబెట్టారు.

అత్తగారు తన పాత స్టూలు వెతుక్కుంది. అది ఇప్పుడు ఎవరో కోటు తగిలించుకునే స్టూలు అయింది. కోటు తీసి పక్కన పడేసి కూర్చుంది.

"ఈ పాలపొడి ఎవరు కొన్నారు? అంతా ఉండలు."

పొర మీద అడ్డమైన చోట యాంటీబాడీ అంటుకోకుండా ముందు పాలలో నానబెడతారు. అత్తగారు ఉండలన్నీ వేళ్ళతో నలిపి, పాలు కలిపి, పొరలని అందులో ముంచింది. చేతులకి పాత పని ఇంకా గుర్తుంది. కోడలు పక్కన నిలబడి చూస్తోంది. కోపం ఎక్కడికీ పోలేదు. కోపంలోనే, ఆ చేతుల మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

పొరలు రెండు. ఒక్కోదాని మీద ఎడమ పక్క దర్జీ ఉన్న కణాల సారం, కుడి పక్క దర్జీ లేని కణాల సారం. ఒక పొరకి రోజూ వాడే రెండో సీరం. ఇంకోదానికి మొదటిది.

"ఎడమ గీత పడి, కుడి పక్క ఖాళీగా ఉందనుకో, మీరు గెలిచినట్టు," అంది కోడలు.

"నేను కాదు. కుందేలు."

అత్తగారు ట్యూబు మూత తీసి వాసన చూసింది. చుక్కలన్నీ పీల్చి సంచీలోకి వదిలింది. బుడగలని బొటనవేలితో నెట్టి నెట్టి అంచు దాకా తెచ్చి, వేడి కడ్డీతో మూసింది. ఒక్క బుడగ లేదు.

"చూశావా?"

"చూశాను."

ఆ సంచీ ఊగే బల్ల మీద ఊగుతుంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కొడుకు వరండాలోంచి రెండు కప్పుల టీ అందించి, ఇద్దరి మొహాలూ చూసి, వచ్చిన దారినే పోయాడు. టీ చల్లారిపోయింది.

కడగాల్సినన్ని సార్లు కడిగి, కోడలు రెండు పొరలనీ కెమెరా పెట్టెలో పెట్టింది. తెర మీద ముందు రెండో సీరం పొర తేలింది. ఎడమ గీత, కుడి గీత. రెండూ నల్లగా, ఎత్తు ఒకటే. అది తెలిసిందే. పరీక్ష సరిగ్గా నడిచిందనడానికి సాక్ష్యం కూడా అదే.

దాని కింద మొదటి కుందేలు పొర.

ఎడమ పక్క ఏమీ లేదు. కుడి పక్క ఏమీ లేదు.

"ఇంకాసేపు తీయి," అంది అత్తగారు.

కోడలు తీసింది. ఏమీ లేదు.

"ఇంకా."

"తీస్తున్నానత్తయ్యా."

తెర అంతా మసకగా బూడిద రంగుకి తిరిగింది. ఆ బూడిదలో గీత అనదగ్గది ఒక్కటీ లేదు.

కోడలు కెమెరా ఆపేసింది. ఇంత పరుగూ, ఇంత పోట్లాటా, చివరికి ఉత్త పొర. గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"దర్జీ ఉన్న చోట కూడా గీత లేదు. అంటే సీరమే చచ్చిపోయింది," అంది. "షెడ్డు వేడికి చచ్చిందో, అంతకు ముందే కరెంటు పోయినప్పుడల్లా కరిగి కరిగి చచ్చిందో. బతికుండగా అది మంచిదో చెడ్డదో ఇంక ఎవరూ చెప్పలేరు."

అత్తగారు ఖాళీ ట్యూబు చేతిలోకి తీసుకుంది.

"నేను కోరుకుంది అదేగా," అంది. "ఏదీ తేలకూడదనుకున్నాను. తేలలేదు."

ఆ గొంతులో తృప్తి లేదు. కోడలు అటు చూడలేక కిటికీ వైపు తిరిగింది. అప్పుడే బల్ల మీద ఆమె ఫోన్ మోగింది, పెద్దసారే. ఆమె అందుకునేలోపే అత్తగారు ఎత్తేసింది.

"ఆ, నేనేనోయ్. మేడమ్‌నే. ఇక్కడే ఉన్నాం, ల్యాబులో. లేదు, లేదు, నువ్వు చెప్పేది తర్వాత. ముందు నేను చెప్పేది విను."

"అత్తయ్యా, ఫోన్ ఇవ్వండి."

అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"నా పాత గీత పంపకు. అది పంపితే నీ దగ్గరున్న సీరం కూడా అదేననుకుంటారు. అదీ ఇదీ ఒకటి కాదు. కుందేళ్ళు రెండోయ్. పేరు ఒకటే పెట్టాను. అవును, ఇన్నేళ్ళూ. నీకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. రెండోది పట్టుకునేది దర్జీని కాదు, ఇప్పుడే నా కళ్ళతో చూశాను. మిగిలిన మొదటి సీరం పాడైపోయింది, అది ఏం పట్టుకునేదో ఇక తెలియదు. తెలియకుండా చేసింది కూడా నేనే. అదే రాయి. అవును. నా పేరు పెట్టే రాయి."

అటువైపు నుంచి ఆయన ఏదో అన్నాడు. అత్తగారు ఫోన్ కోడలికి అందించింది.

"అమ్మా," అన్నాడు పెద్దసారు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే మెత్తదనం లేదు. "ఇది నువ్వు చెప్పించావా?"

"లేదు సార్, నేను..."

"ఆ పేపర్లన్నిటి మీదా నా పేరుంది. నా దగ్గర చదువుకున్నవాళ్ళ పేర్లున్నాయి. రేపు నువ్వు రావద్దు. నీ పొడిగింపు గురించి నేను ఇంకేమీ మాట ఇవ్వలేను. నన్ను కాసేపు ఆలోచించుకోనీ."

ఫోన్ కట్ అయింది.

కోడలు దాన్ని బల్ల మీద పెట్టింది. ఇన్నాళ్ళూ తనే కోరుకున్న నిజం బయటపడింది. అయినా ఒళ్ళంతా భగ్గుమంటోంది.

"నన్ను ఒక్క మాట అడిగారా?"

"ఇన్నాళ్ళూ నిజం చెప్పమని అడిగింది నువ్వేగా?"

"నేను చెప్పేదాన్ని! నా పని అది, నా ఉద్యోగం అది. ఆయనకి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను చూసుకునేదాన్ని. మీరు ఫ్రిజ్ పంపేటప్పుడూ నన్ను అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. మీరు దాచినా నేనే పోయాను, మీరు చెప్పినా నేనే పోయాను!"

తలుపు దగ్గర కొడుకు కనిపించాడు. కేకలు విని వచ్చినట్టున్నాడు. లోపలికి అడుగు వేయలేదు.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వెలా చెప్పేదానివో నాకు తెలుసు. 'ఫ్రిజ్ మార్చినప్పుడు పొరపాటున సీరం పాడైంది' అని చెప్పేదానివి."

కెమెరా ఆపేసిన ఆ క్షణంలోనే, సరిగ్గా ఆ వాక్యమే కోడలి మనసులో తయారైంది. పొరపాటున అనే మాటతో సహా.

"నన్ను అన్ని తిట్లు తిట్టి, చివరికి ఊరి ముందు నన్ను దాచిపెడతావు. నీ సంగతి నాకు తెలీదా? అందుకే నీకు ఫోన్ ఇవ్వలేదు," అంది అత్తగారు.

కోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపానికో, ఇంకెందుకో ఆమెకే తెలియలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. పెద్దసారే.

అత్తగారు దాన్ని ఎత్తలేదు. ఒక్క వేలితో బల్ల మీదుగా కోడలి వైపు నెట్టింది.

"ఈసారి నువ్వే మాట్లాడు. సీరం ఎలా పోయిందని అడుగుతాడు. నన్ను కాపాడకుండా చెప్పు."

కోడలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"సార్," అంది.

"ఒక్క సంగతి చెప్పమ్మా," అన్నాడు పెద్దసారు. "ఆ మొదటి సీరం ఎలా పాడైంది?"

ఎదురుగా అత్తగారు ఖాళీ ట్యూబు గుప్పిట్లో పెట్టుకుని, కోడలి పెదాల వైపే చూస్తోంది.